మంచి పనివాడు

యాకోబస్ లెంట్స్ పేరు మనలో చాలామంది విని ఉండరు. హిట్లర్ కాదు, ఐక్‌మన్ కాదు. ఎవర్నీ కొట్టలేదు, ఎవరి మీదా తుపాకీ ఎత్తలేదు. నెదర్లాండ్స్ దేశంలో జనాభా రిజిస్టర్లను తనిఖీ చేసే ప్రభుత్వ శాఖకి అధిపతి. కింది స్థాయి నుంచి కష్టపడి పైకొచ్చిన ఉద్యోగి. ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే. దేశంలో ఉన్న ప్రతి మనిషికీ ఒక కార్డు ఉండాలి, ఆ కార్డులో తప్పు ఉండకూడదు, మనిషి ఊరు మారితే కార్డు కూడా వెంటనే ఊరు మారాలి. మనిషికి కాగితం మీద ఒక ప్రతిరూపం ఉండాలన్నమాట.

మా వృత్తిలో ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఒకే మనిషి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే నిద్రపట్టనివాళ్ళు. అడిగిన గడువు కంటే ముందే పని ముగించి, అడగని ఇంకో రెండు సౌకర్యాలు కలిపి ఇచ్చేవాళ్ళు. నిజానికి నాకు అలాంటివాళ్ళంటే గౌరవం. టీమ్‌లో ఒక్కరుంటే చాలు, మిగతావాళ్ళం ప్రశాంతంగా ఇంటికి పోవచ్చు. లెంట్స్ గురించి చదువుతున్నంత సేపూ నన్ను ఇబ్బంది పెట్టింది ఇదే. ఆయన పనిలో నాకు ఒక్క లోపం కనిపించలేదు.

చెడు అనగానే మనకు అలవాటైన బొమ్మ వేరు. కోరలుంటాయి, నవ్వు వికటంగా ఉంటుంది, కనీసం సినిమాలో వెనక డప్పుల మోత అయినా ఉంటుంది. మన పురాణాల్లో లెక్కలు రాసే చిత్రగుప్తుడు దేవతల పక్షం. ఆయన చిట్టా తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందని ఏ కథా అడిగినట్టు నాకు గుర్తులేదు.

డచ్చివాళ్ళ చిట్టా మొదట్లో మంచి ఉద్దేశంతో మొదలైందే. 1850 నుంచి ప్రతి మునిసిపాలిటీ తన జనాభా రిజిస్టరు నిర్వహిస్తూ వచ్చింది. 1930ల చివరికి లెంట్స్ దాన్ని ఒక మనిషికి ఒక కార్డు చొప్పున దేశమంతటా ఒకే పద్ధతిలోకి తెచ్చాడు. అందులో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, కుటుంబం, వాటితో పాటు మతం కూడా రాసేవాళ్ళు. మతం రాయడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. ఆ సమాజం అప్పట్లో క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, సోషలిస్టులు అంటూ నిలువు స్తంభాలుగా విడిపోయి ఉండేది. ఎవరి బడులు వాళ్ళవి, ఎవరి పత్రికలు వాళ్ళవి. ఎవరు ఎంతమంది ఉన్నారో తెలియడం న్యాయంగా పంచుకోవడానికి అవసరమనుకున్నారు. ఆ కాలమ్ పెట్టినవాళ్ళకి దురుద్దేశం లేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

లెంట్స్‌కి ఇంకో కల కూడా ఉండేది. పౌరులందరికీ గుర్తింపు కార్డు ఇవ్వాలని. ఫొటో, వేలిముద్ర, నీటిగుర్తున్న కాగితం, ప్రత్యేకమైన సిరా, ఫొటో పీకితే బయటపడిపోయేలా జిగురు. నకిలీ చేయడం దాదాపు అసాధ్యం అనిపించే కార్డు. 1940 మొదట్లో డచ్ ప్రభుత్వం దీన్ని వద్దనేసింది. ప్రతి పౌరుడూ జేబులో ఋజువు పెట్టుకు తిరగాలనడం అంటే ప్రతి పౌరుణ్ణీ నేరస్థుడిగా అనుమానించడమే, ఇది మా సంప్రదాయం కాదు అని. ఆ మాట అన్న అధికారుల పేర్లు ఎవరికీ తెలియవు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి తక్కువ ఖర్చుతో జరిగిన ప్రతిఘటన అదే. ఒక ఫైలు మీద "వద్దు" అని రాశారు. అంతే.

మే నెలలో జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించింది. రాణి, మంత్రులు లండన్‌కి వెళ్ళిపోయారు. ఉద్యోగులు మాత్రం కుర్చీల్లోనే ఉన్నారు. లెంట్స్ తన కార్డు నమూనా పట్టుకుని బెర్లిన్ వెళ్ళాడు. అక్కడి పోలీసు నిపుణులు పరీక్షించి, మా జర్మన్ కార్డు కంటే ఇదే మెరుగన్నారు. సొంత ప్రభుత్వం కాదన్న ప్రాజెక్టుని ఆక్రమణదారులు ఆమోదించారు. 1941లో ఆ కార్డులు దేశమంతా వచ్చాయి. యూదుల కార్డుల మీద పెద్ద "జె" అక్షరం.

ఆ లోపే ఇంకో ఫారం నడిచింది. 1940 అక్టోబరులో ప్రభుత్వోద్యోగులందరూ తాము యూదులో కాదో రాసి సంతకం పెట్టాలన్నారు. దాదాపు అందరూ పెట్టేశారు. పెట్టనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నెల తిరిగేసరికి యూదు ఉద్యోగులని పనిలోంచి తప్పించారు. ఒక్క సంతకం, అది కూడా నిజమే రాస్తున్నాం, ఇందులో తప్పేముంది అనుకుని ఉంటారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా. ఆ సామెతలో ఉన్న సుఖం ఏమిటంటే పిడికెడు నువ్వులకి బరువుండదు.

1941 జనవరిలో యూదులంతా పేరు నమోదు చేయించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. దాదాపు 1,60,000 మంది నమోదయ్యారు. వీళ్ళలో తాత, అమ్మమ్మల్లో ఎవరో ఒక్కరు యూదులైనవాళ్ళు కూడా ఉన్నారు. ఎందుకెళ్ళారు, ఊరుకోవచ్చు కదా అని ఇప్పుడు అడగడం సులువు. కానీ వాళ్ళ మతం పాత రిజిస్టర్లో ఎప్పటినుంచో ఉంది. దాస్తే దొరికిపోతామని వాళ్ళకి తెలుసు. చట్టం మీద నమ్మకం ఉన్న దేశం, ఫారం నింపితే ఏమవుతుందిలే అన్న అలవాటు. ఆ ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్ నగర గణాంక శాఖ జర్మన్ల కోరిక మీద ఒక మ్యాపు తయారు చేసింది. ఒక్కో చుక్క పదిమంది యూదులకి గుర్తు. కొన్ని వీధులు చుక్కలతో నల్లబడిపోయి ఉంటాయి. ఆ మ్యాపు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. నేను బతుకుతెరువు కోసం చేసే డేటా పటాలకీ దానికీ పద్ధతిలో ఏ తేడా లేదు. స్పష్టంగా ఉంది, చూడగానే అర్థమవుతుంది.

డచ్చి జనం చేతులు కట్టుకు కూర్చున్నారని చెబితే అన్యాయం. 1941 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో నాలుగువందల మందికి పైగా యూదు యువకుల్ని పట్టుకుపోతే, 25వ తేదీన నగరం మొత్తం సమ్మె చేసింది. ట్రాములు ఆగిపోయాయి, ఓడరేవు కార్మికులు పని మానేశారు. యూదుల కోసం యూదులు కానివాళ్ళు ఇలా బహిరంగంగా చేసిన సమ్మె ఆక్రమిత ఐరోపాలో ఇంకోటి కనిపించదు. రెండు రోజుల్లో తుపాకులతో అణిచేశారు. ఆ తర్వాత రిజిస్టరు తన పని తాను చేసుకుపోయింది. ట్రాము ఆగితే నగరమంతటికీ కనిపిస్తుంది. కార్డు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మారితే ఎవరికి కనిపిస్తుంది?

1942 జులైలో రైళ్ళు మొదలయ్యాయి. దేశంలోని సుమారు 1,40,000 మంది యూదుల్లో దాదాపు 1,07,000 మందిని తూర్పు శిబిరాలకి పంపారు. తిరిగొచ్చింది 5,000 మంది. స్థూలంగా నలుగురిలో ముగ్గురు చచ్చిపోయారు. పక్కనున్న బెల్జియంలో ఈ లెక్క సుమారు 40 శాతం, ఫ్రాన్సులో 25 శాతం. ఈ తేడాకి రిజిస్టరొక్కటే కారణమని ఎవరైనా అంటే నమ్మకండి. నెదర్లాండ్స్‌లో నాజీల పౌర పాలన నేరుగా నడిచింది, దాక్కోడానికి కొండలూ అడవులూ లేవు, పారిపోవడానికి దగ్గర్లో తటస్థ దేశం లేదు, పోలీసులు సహకరించారు. చరిత్రకారులు ఇలా చాలా కారణాలు చూపిస్తారు. రిజిస్టరు ఆ కారణాల్లో ఒకటి. కానీ మిగతా కారణాలన్నీ అవసరపడినప్పుడు చెయ్యి చాపింది దాని వైపే.

హన్నా అరెంట్ 1961లో జెరూసలేంలో ఐక్‌మన్ విచారణ చూసి, చెడుకి లోతు ఉండక్కర్లేదు, ఆలోచించడం మానేసిన మామూలుతనం చాలు అంది. ఆమె పుస్తకం 1963లో వచ్చింది, ఆ వాదన చుట్టూ గొడవ ఇప్పటికీ ఆగలేదు. తర్వాత బయటపడిన ఆధారాలు చూస్తే, ముఖ్యంగా అర్జెంటీనాలో ఐక్‌మన్ తనవాళ్ళ మధ్య మాట్లాడిన రికార్డింగులు చూస్తే, అతను ఉత్త గుమాస్తా కాదు, నమ్మి చేసిన నాజీ. అరెంట్ ఆలోచన గొప్పది, దానికి ఆమె ఎంచుకున్న మనిషి కుదరలేదు అనిపిస్తుంది నాకు. కుదిరే మనిషి లెంట్స్. డచ్ చరిత్రకారులు ఆయన్ని నాజీగా కాక, పని పిచ్చి తలకెక్కిన అధికారిగానే చూపిస్తారు. ఆయనకొక నినాదం కూడా ఉండేది. నమోదు చేయడమంటే సేవ చేయడమే, అని. ఎవరికి సేవ అనే ప్రశ్న ఆ నినాదంలో లేదు.

"ఆలోచించడం మానేశాడు" అన్న మాట మాత్రం లెంట్స్‌కి సరిపోదు. అతను రాత్రీ పగలూ ఆలోచించాడు. సిరా గురించి, జిగురు గురించి, నకళ్ళ గురించి. అతని బుర్ర ఆగింది ఒక్క గీత దగ్గర: ఇది ఎందుకు? మా ఊళ్ళలో ఎన్టీఆర్ హయాంలో రద్దయ్యేవరకూ కరణాలుండేవాళ్ళు. కరణం రాతతో పొలం చేతులు మారిపోయేదని పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. కరణానికి కనీసం స్వార్థం ఉండేది, లంచమిచ్చి రాత మార్పించుకోవచ్చు. లెంట్స్ లంచం తీసుకునే రకం కాదు. అవినీతి లేని అధికారి అంటే మనకెంత ముచ్చటో! ఒక్కోసారి ప్రాణం నిలబెట్టేది అవినీతే.

ఇప్పుడు రెండో పక్షం గురించి. నకిలీ గుర్తింపు కార్డులు తయారు చేసే ఒక రహస్య బృందాన్ని గెరిట్ వాన్ డెర్ వేన్ అనే శిల్పి నడిపేవాడు. వేల కార్డులు చేశారు. చిత్రకారులు, అచ్చుపనివాళ్ళు కాబట్టి లెంట్స్ కార్డుని కూడా చూసి చూసి దాదాపు పట్టేశారు. కానీ వాళ్ళకొక చిక్కు. ఇది నాలాంటివాళ్ళకి వెంటనే అర్థమయ్యే చిక్కు. కార్డు ఎంత బాగా చేసినా, పోలీసుకి అనుమానమొచ్చి రిజిస్టరు ఆఫీసుకి ఫోన్ చేస్తే అయిపోయింది. ఆ నంబరు మీద ఆ పేరు ఉండదు. చేతిలో ఉన్నది కేవలం అద్దంలో నీడ, అసలు మనిషి డబ్బాలో ఉన్నాడు. నకిలీ కార్డు బతకాలంటే అసలు కార్డు చావాలి.

1943 మార్చి 27, శనివారం రాత్రి. ఆమ్‌స్టర్‌డామ్‌లో జంతు ప్రదర్శనశాల పక్కన ప్లాంటేజ్ కెర్క్‌లాన్ వీధిలో ఉన్న రిజిస్టరు ఆఫీసుకి పోలీసు దుస్తుల్లో కొంతమంది వచ్చారు. తనిఖీకి వచ్చామన్నారు. ఆ దుస్తులు కుట్టింది షూర్ద్ బాకర్ అనే దర్జీ. పోలీసు అధికారి వేషంలో ముందు నిలబడింది విల్లెమ్ అరొండేయస్. చిత్రకారుడు, రచయిత, వృత్తిలో పెద్దగా కలిసిరానివాడు, తను స్వలింగప్రేమినని ఆ కాలంలోనే దాచుకోకుండా బతికినవాడు. ఏర్పాట్లలో ఫ్రీడా బెలిన్‌ఫాంటే అనే సెల్లో వాద్యకారిణి ఉంది. స్టెడెలిక్ మ్యూజియంలో పనిచేసే సాండ్‌బర్గ్ ఉన్నాడు. ఒక ఆర్కిటెక్టు, ఒక చరిత్రకారుడు, వైద్య విద్యార్థులు. ఎవ్వరూ సిపాయిలు కారు. ఎవర్నీ చంపకూడదని ముందే అనుకున్నారు. కాపలావాళ్ళకి మత్తు ఇంజెక్షన్లు ఇచ్చి బయటకు మోసుకెళ్ళి పడుకోబెట్టారు. సొరుగులు లాగి కార్డులు నేల మీద గుట్టలు పోసి, బెంజీన్ పోసి, పేలుడు పదార్థాలు పెట్టి వెళ్ళిపోయారు.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. అగ్నిమాపక దళం తీరిగ్గా వచ్చింది. వచ్చాక మంటలకి కావలసిన దానికంటే చాలా ఎక్కువ నీళ్ళు కొట్టింది. కాలకుండా మిగిలిన కార్డుల్లో చాలా తడిసి ముద్దయ్యాయి. వాళ్ళ చేతిలో ఉన్నది గొట్టం. కొంచెం నెమ్మదిగా, కొంచెం ఎక్కువగా. పనిని ఇలా తప్పుగా చేయడం కూడా ఒక నైపుణ్యమే, దానికి ఏ సంస్థా శిక్షణ ఇవ్వదు.

ఇంత చేస్తే నాశనమైంది సుమారు 15 శాతం కార్డులు. గట్టిగా బిగించి పెట్టిన కాగితం కట్టలు మనం అనుకున్నంత తేలిగ్గా కాలవు. పైగా అప్పటికే ఆలస్యమైంది. రైళ్ళు మొదలై ఎనిమిది నెలలు దాటింది. ఆమ్‌స్టర్‌డామ్ యూదుల్లో చాలామంది వెళ్ళిపోయారు. సెప్టెంబరుకల్లా జర్మన్లు ఆ పని పూర్తయిందనుకున్నారు. మరి ఆ 15 శాతం దేనికి పనికొచ్చింది? ఎవరి కార్డు కాలిందో వెంటనే చెప్పలేని స్థితి కొన్నాళ్ళు నడిచింది. నకిలీ కార్డు పట్టుకున్నవాడికి "నా అసలు కార్డు మొన్న తగలబడింది సార్" అనే అవకాశం దొరికింది. దాక్కున్న యూదులకి, జర్మనీ ఫ్యాక్టరీలకి వెట్టిచాకిరీకి పట్టుకుపోకుండా తప్పించుకు తిరుగుతున్న డచ్ కుర్రాళ్ళకి అది ఊపిరి. ఎంతమందికి? లెక్క లేదు. ఈ కథలో లెక్క లేని చోటు ఇదొక్కటే, బహుశా అందుకే వాళ్ళు బతికారు.

వారం తిరక్కుండా బృందంలో చాలామంది దొరికిపోయారు. ఎవరో పట్టించారు. విచారణలో అరొండేయస్ నేరమంతా తన మీద వేసుకోవడానికి ప్రయత్నించాడు. 1943 జులై 1న పన్నెండుమందిని ఓవర్‌వేన్ దగ్గర ఇసుక దిబ్బల్లో కాల్చి చంపారు. దర్జీ బాకర్ కూడా ఆ పన్నెండుమందిలో ఉన్నాడు. స్వలింగప్రేమికులు పిరికివాళ్ళు కాదని లోకానికి చెప్పమని అరొండేయస్ చివర్లో తన వాళ్ళకి చెప్పి పంపాడు. యుద్ధం తర్వాత డచ్ సమాజం అతని సాహసాన్ని గుర్తుపెట్టుకుని ఆ కబురుని మాత్రం కొన్ని దశాబ్దాలు పక్కన పెట్టింది. వాన్ డెర్ వేన్ ఇంకో ఏడాది తప్పించుకు తిరిగి 1944 జూన్‌లో అదే చావు చచ్చాడు. బెలిన్‌ఫాంటే మగవేషంలో కొన్నాళ్ళు దాక్కుని, స్విట్జర్లాండ్‌కి దాటుకుని, తర్వాత అమెరికా వెళ్ళి ఆర్కెస్ట్రా నడిపింది.

మంచి ఇంజనీరు ఎప్పుడూ బ్యాకప్ ఉంచుతాడు కదా. లెంట్స్ కూడా ఉంచాడు. గుర్తింపు కార్డుల నకళ్ళన్నీ హేగ్ నగరంలో క్లైకాంప్ అనే భవనంలో భద్రంగా ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏం కాలినా సరే, అసలు కార్డేదో నకిలీదేదో అక్కడ తేలిపోతుంది. డచ్ ప్రతిఘటన ఉద్యమం లండన్‌కి కబురు పంపింది. 1944 ఏప్రిల్ 11న ఆరు బ్రిటిష్ మస్కిటో విమానాలు చాలా కిందుగా ఎగిరొచ్చి పట్టపగలు ఆ ఒక్క భవనాన్నీ బాంబులతో కొట్టాయి. పగలే ఎందుకంటే ఆఫీసు నడుస్తున్నప్పుడు అల్మారాలూ సొరుగులూ తెరిచి ఉంటాయి, కాగితాలు బాగా కాలతాయి. ఆఫీసు నడుస్తోంది కాబట్టి లోపల మనుషులున్నారు. సుమారు 60 మంది ఉద్యోగులు చనిపోయారు, అంతా డచ్చివాళ్ళే.

ఇక్కడ నా దగ్గర శుభ్రమైన తీర్పు లేదు. ఆ దాడి అవసరమే అనుకుంటాను. ఆ అరవైమందిలో చాలామందికి లెంట్స్‌కున్న పిచ్చి ఉండి ఉండదు, నెల జీతం ఉండి ఉంటుంది. 1940లో ఒక ఫైలు మీద "వద్దు" అన్న మాటతో ఆగిన పనిని 1943లో ఆపడానికి పన్నెండు ప్రాణాలు, 1944లో ఆపడానికి అరవై ప్రాణాలు. మా దగ్గర ఒక మాటుంది, తప్పు ఎంత ఆలస్యంగా దొరికితే సవరించడానికి అంత ఖర్చు అని. డిజైన్ దశలో రూపాయైతే, జనంలోకి వెళ్ళాక వంద. ఆ సూత్రాన్ని నేను మీటింగుల్లో చాలాసార్లు విన్నాను, ఇలా చదవాల్సి వస్తుందనుకోలేదు.

సాఫ్ట్‌వేర్ జనంలో ఈ మధ్య బాగా తిరిగే ఇంకో కథ ఉంది. రెనే కార్మీయ్ అనే ఫ్రెంచి సైనిక అధికారి కథ. విషీ ప్రభుత్వంలో జనాభా గణాంక శాఖ నడిపాడు. 1941 గణనలో పదకొండో ప్రశ్న, మీరు యూదు జాతివారా అని. పంచ్‌కార్డు యంత్రాలు ఆ పదకొండో కాలమ్‌కి రంధ్రం వేయకుండా ఆయన చేశాడని, ప్రపంచంలో మొదటి నైతిక హ్యాకర్ ఆయనేనని చెబుతారు. వినడానికి ఎంత బావుంటుందో! కాకపోతే ఫ్రెంచి చరిత్రకారులు 1990ల్లో ఆ శాఖ కాగితాలు తవ్వి చూశాక బొమ్మ కొంచెం మసకబారింది. ఆ శాఖ ఫైళ్ళు యూదుల అరెస్టులకి వాడలేదన్నది నిలబడింది. కావాలని యంత్రాన్ని చెడగొట్టాడన్న దానికి గట్టి ఆధారం నిలబడలేదు. పైగా ఆ ప్రశ్న ఆ ఫారంలో పెట్టింది కూడా ఆయన శాఖే. ఆయన ప్రతిఘటనలో ఉన్నమాట నిజం. తన కార్డుల సాయంతో సైన్యాన్ని రహస్యంగా మళ్ళీ సమీకరించే పథకం నడిపాడు. 1944 ఫిబ్రవరిలో లియోన్‌లో పట్టుకున్నారు, క్లాస్ బార్బీ చేతుల్లో హింస అనుభవించాడు, 1945 జనవరిలో దాహౌ శిబిరంలో టైఫస్‌తో పోయాడు. ఫ్రాన్సులో సామాజిక భద్రత నంబరు ఈరోజుకీ మగవారికి 1తో, ఆడవారికి 2తో మొదలవుతుంది. ఆ నంబరు పద్ధతి ఆయన కట్టిందే.

ఆ హ్యాకర్ కథ మనకెందుకు అంత నచ్చుతుంది? ఉద్యోగం చేస్తూనే, ఎవరికీ తెలియకుండా, ఒక్క లైను మార్చి లోకాన్ని కాపాడొచ్చు అన్న ఊహ అందులో ఉంది. రాజీనామా అక్కర్లేదు, ఎవరితోనూ గొడవ అక్కర్లేదు. నాకు దాని మీద అనుమానం. పారిస్‌లో పంచ్‌కార్డులే లేవు. ఆంద్రే ట్యులార్ అనే పోలీసు శాఖ అధికారి ఆధ్వర్యంలో మామూలు అట్ట కార్డులతో యూదుల జాబితా తయారైంది. పేరు వారీగా ఒకటి, వీధి వారీగా ఒకటి, జాతీయత వారీగా ఒకటి, వృత్తి వారీగా ఇంకోటి. 1942 జులై 16, 17 తేదీల్లో ఆ డబ్బాల్లోంచి 27,000 పైచిలుకు పేర్లు తీసి పోలీసులకిచ్చారు. దొరికింది దాదాపు 13,000 మంది. మిగతావాళ్ళు ఎలా తప్పించుకున్నారు? ముందు రోజు వార్త పొక్కింది. కొందరు పోలీసులే చెప్పారు. కొందరు తలుపు కొట్టి, మళ్ళీ గంటలో వస్తామని వెళ్ళారు. కాపలా స్త్రీలు, పక్కింటివాళ్ళు చెప్పారు. యంత్రానికి కాక మనుషుల మధ్య పడిన చిల్లు అది. ట్యులార్ మీద మాత్రం ఏ కేసూ నడవలేదు. ఆయన పతకం ఆయన దగ్గరే ఉంది.

ఇదంతా చదివి "అయితే ఏ ప్రభుత్వమూ ఏదీ నమోదు చేయకూడదు" అనేస్తే సరిపోతుందా? అంత తేలిగ్గా అనలేను. మన దేశంలో లెక్కలోకి రాకపోవడం కూడా ఒక హింసే. బీసీ కులాలు మమ్మల్ని లెక్కపెట్టండని దశాబ్దాలుగా అడుగుతున్నాయి, సంఖ్య లేకపోతే వాటా అడిగే నోరు లేదు కాబట్టి. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే చేసి కులం రాసుకున్నారు. ఆ డిమాండు న్యాయమైందనే నా నమ్మకం. అదే సమయంలో 1984 ఢిల్లీలో సిక్కుల ఇళ్ళు గుర్తుపట్టడానికి గుంపుల చేతుల్లో ఓటరు జాబితాలున్నాయన్న సంగతీ మర్చిపోలేను. ఓటరు జాబితా కంటే అమాయకమైన కాగితం ఏముంటుంది? డచ్ రిజిస్టర్లో మతం కాలమ్ కూడా న్యాయంగా పంచుకోవడానికే పుట్టింది.

కాబట్టి కాలమ్ ఉండాలా వద్దా అన్నచోట నేను పెద్దసేపు ఆగను. ఆ కాలమ్‌ని ఎవరు చూస్తారు, లెక్క తేలాక పేర్లు విడదీసి పారేస్తారా, ఒక రాత్రి ప్రభుత్వం మారిపోతే దాన్ని చెరిపేసే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆ బటన్ అసలు ఉందా? ఇవి అడగాల్సింది వీధిలో నినాదాలిచ్చేవాళ్ళు మాత్రమే కాదు. ఆ కాలమ్ పేరు టైపు చేసే మనిషి. అతను అడిగితే రూపాయి ఖర్చు. మేనేజరు మొహం చిట్లిస్తాడు, ఈసారి హైకు పోతుంది. నాకు తెలిసినంతలో హైదరాబాదులో ఇలా అడిగినందుకు ఎవర్నీ ఇసుక దిబ్బల్లోకి తీసుకెళ్ళలేదు. అయినా అడగం, ఎందుకంటే ఆ రోజు చెడు మన ఎదుట లేదు. ఒక టికెట్ ఉంది, దాని మీద ఒక గడువు ఉంది.

యుద్ధం అయ్యాక లెంట్స్‌ని విచారించి మూడేళ్ళ జైలు వేశారు. 1964లో చనిపోయాడు. 1971లో నెదర్లాండ్స్ ప్రభుత్వం ఎప్పటిలాగే జనగణన తలపెడితే చాలామంది ఫారం నింపనన్నారు. కంప్యూటర్ల భయం కొంత, యుద్ధం నాటి జ్ఞాపకం కొంత. ఇంటింటికీ వెళ్ళి అడిగే జనగణన ఆ దేశంలో మళ్ళీ జరగలేదు. ఇప్పుడు ఎవరి తలుపూ కొట్టకుండా, ప్రభుత్వం దగ్గర ముందే ఉన్న రిజిస్టర్లను ఒకదానితో ఒకటి కలిపి లెక్క తేల్చేస్తున్నారు. చాలా కచ్చితంగా వస్తోందట.